రోజుకొక సంగతి



ఈ పూట మీకు ఒకే ఒక్క మాట చెప్పాలని వచ్చాను. దానికి పైసా ఖర్చు లేదు. పెద్ద చదువుతో పని లేదు. రాత్రి అన్నాల వేళ ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవాలి. ఒక్కొక్కరూ ఆనాటి సంగతి ఒకటి చెప్పాలి. తను చూసిందో, విన్నదో, తనకు జరిగిందో. ఒక్కటంటే ఒక్కటి. రోజుకొక సంగతి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

వినగానే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. మేమేమన్నా మాట్లాడుకోకుండా ఉన్నామా అని కూడా అనిపిస్తుంది. మాట్లాడుకుంటూనే ఉన్నాం, కాదనను. కానీ ఆ మాటలు ఎట్లాంటివో ఒక్క సాయంత్రం చెవి పెట్టి వినండి.

మాది నెల్లూరు జిల్లా చేజర్ల. పెన్నకు దక్షిణపు పక్క. ఒకవైపు పొదలకూరు, ఒకవైపు కలువాయి, ఏటికి ఆవల ఆత్మకూరు. వరి, నిమ్మ, గేదెలు. మా పక్క ఇళ్ళకు ఇవే ఆధారం. సాయంత్రం ఏడయ్యేసరికి ఏ వీధిలో చూసినా ఒకటే సందడి. పాలకేంద్రం నుంచి ఖాళీ క్యాన్లు తిరిగొస్తాయి. పొలం నుంచి మగవాళ్ళు వస్తారు. ఆత్మకూరులో, నెల్లూరులో చదివే పిల్లలు బస్సు దిగుతారు. ఇల్లు నిండుతుంది. అప్పుడు మొదలవుతాయి మాటలు.

"హోంవర్క్ చేశావా?" "మోటారు ఆపేశావా?" "గేదెకు కుడితి పెట్టినారా?" "కరెంటు బిల్లు కట్టినారా?" "పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినాయి?"

అన్నీ ప్రశ్నలే. అన్నీ లెక్క అడిగే ప్రశ్నలే. జవాబులూ అట్లానే ఉంటాయి. "ఊ." "చేశా." "లేదు." "కట్టినాం." అక్కడితో సరి. ఎవరి కంచం వాళ్ళు తీసుకుంటారు. ఒకరు టీవీ ముందు. ఒకరు మంచం మీద, చేతిలో ఫోను. ఒకరు అరుగు మీద. ఇంటి ఇల్లాలు అందరికీ పెట్టి, చివరన వంటింట్లో పీట మీద ఒక్కతే. నలుగురూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఒకే తపేలాలో వండిన అన్నం తిన్నారు. పగలంతా ఎవరికి ఏం జరిగిందో ఇంకొకరికి తెలియదు.

లెక్క అడగడం తప్పని నేను అనడం లేదు. సంసారం అన్నాక లెక్క ఉండాల్సిందే. మోటారు ఆపకపోతే కాలిపోతుంది. కానీ లెక్క అడిగేవాళ్ళకు పిల్లలు లెక్కే చెప్తారు. మనసులో మాట చెప్పరు. భార్య చెప్పదు, భర్త చెప్పడు. ముసలివాళ్ళయితే, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరులే అని ఊరుకుంటారు.

మరి సంగతి అంటే ఏమిటి? పెద్ద వార్త కానక్కర్లేదు. మా పక్క వీధిలో ఒక ఇంటి రాత్రి చెప్తాను, వినండి.

పాలకేంద్రంలో పాలు పోస్తే చిన్న చీటీ ఇస్తారు. మీకూ తెలిసిందే. ఎన్ని లీటర్లు, ఫ్యాటు ఎంత, రేటు ఎంత అని దాని మీద ఉంటుంది. గేదె పాలకు ఫ్యాటును బట్టే డబ్బు. ఆ ఇల్లాలు రోజూ ఆ చీటీ కొంగున ముడేసుకొచ్చి, పోపుల గూట్లో ఉన్న డబ్బాలో వేస్తుంది. ఎవరూ చూడరు. ఆ రాత్రి కంచాల ముందు కూర్చున్నాక ఆమె ముడి విప్పి చీటీ తీసింది. దీపం కింద పరిచింది. పాల తడికి అంకెలు కొంచెం అలుక్కుపోయి ఉన్నాయి.

"ఈ పొద్దు ఫ్యాటు చూడండి. నిన్నటి మీద పెరిగింది. ఎందుకో చెప్పుకోండి" అంది.

కొడుకు ఒకటన్నాడు. భర్త ఒకటన్నాడు. రెండూ కాదు.

"వారం నుంచి పచ్చిగడ్డి తగ్గించి, ఎండుగడ్డి కలిపి పెడతా ఉండా. ఒట్టి లేతగడ్డి మేస్తే పాలు కనపడతాయి గానీ వెన్న కనపడదు. అది నేను కనిపెట్టినా" అంది.

ఆ పిల్లాడు తొమ్మిదో తరగతి. వెంటనే అందుకున్నాడు. "అవునుమా, మా సారు చెప్పినాడు. గేదె కడుపులో నాలుగు అరలుంటాయంట. పీచు అక్కడ పులిసి, దాన్నించే వెన్న తయారవతాదంట" అన్నాడు. అమ్మ చూసి పట్టుకున్నది, కొడుకు బడిలో విన్నది, రెండూ ఒకటే. ఆ సంగతి ఇద్దరికీ కంచం ముందు తెలిసింది. మార్కులెన్ని అని అడిగి ఉంటే ఈ మాట వచ్చేదా? వాడు అంకె చెప్పి లేచిపోయేవాడు.

ఆ ఇంటాయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు. ఆ రాత్రి ఆయన కూడా నోరు విప్పాడు. పొద్దున పొదలకూరు నిమ్మ మార్కెట్టుకు బస్తాలు తీసుకుపోయాడు. అక్కడ ఢిల్లీ లారీకి కాయ ఏరుతున్నారు. పచ్చికాయ ఒక పక్కకు, పండుబారింది ఒక పక్కకు. దూరం పోయేదానికి పచ్చికాయ కావాలి. దారిలో రోజులు పడుతుంది గదా. "మన తోటలో కాయ ఢిల్లీలో ఎవురో పిండుకుంటారు" అన్నాడు. అంతే. అదే ఆయన సంగతి. ఇంకో మాట లేదు. కానీ ఆ పిల్లాడు ఢిల్లీ ఎంత దూరం, లారీ ఏ దారిన పోతుంది అని అడుగుతూనే ఉన్నాడు.

చివరికి మూలన కూర్చున్న అవ్వ వంతు వచ్చింది. "నాకేముంటాయబ్బయా సంగతులు" అంది ముందు. తర్వాత తనే మొదలుపెట్టింది. పొలంలో దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనక కొంగలు నడుస్తున్నాయట. పురుగుల కోసం. "మా కాలంలో నాగలి వెనక నడిచేటివి. ఇప్పుడు అంత సద్దు చేసే ట్రాక్టరుకూ బెదరడం లేదు. అవీ నేర్చుకున్నాయి" అంది.

నాలుగు సంగతులు. పావుగంట కూడా పట్టలేదు. పాల చీటీ, నిమ్మకాయ, గేదె కడుపు, కొంగలు. అందులో ఒక్కటీ పేపర్లో వేసేది కాదు. కానీ ఆ రాత్రి ఆ నలుగురికీ ఒకరి పగలు ఒకరికి తెలిసింది. నేను సంగతి అంటున్నది దీన్నే.

ఇప్పుడు దీన్ని మొదలుపెట్టడం ఎట్లా? కొంచెం జాగ్రత్తగా వినండి. ఇక్కడే చాలామంది తడబడతారు.

పిల్లల్ని కూర్చోబెట్టి "ఏదీ, ఈ రోజు సంగతి చెప్పు" అని అడక్కండి. అది మళ్ళీ లెక్క అడిగినట్టే. వాళ్ళకు ఇంకో హోంవర్క్ ఇచ్చినట్టే. ముందు మీ సంగతి మీరు చెప్పండి. పెద్దవాళ్ళు ముందు. తల్లి చెప్పాలి, తండ్రి చెప్పాలి. మీరు రెండు రాత్రులు చెప్తే మూడో రాత్రి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. చెప్పకపోయినా ఫరవాలేదు. వింటున్నారు గదా. మళ్ళీ చెప్తున్నాను. అడగొద్దు. ముందు మీది చెప్పండి.

ఇంకోటి. చెప్పిన సంగతికి తీర్పు చెప్పొద్దు. ఇది కష్టం. మనకు నోరూరుకోదు. పదో తరగతి అమ్మాయి ఉందనుకోండి. "ఈ రోజు లెక్కల క్లాసులో నాకు నిద్రొచ్చేసిందమ్మా, పక్కమ్మాయి గిల్లి లేపింది" అంటుంది. ఆ పిల్ల నవ్వుతూ చెప్పిన మాట అది. మనం ఏమంటాం? "రాత్రంతా ఫోను చూస్తే నిద్ర రాక ఏమొస్తది" అంటాం. అయిపోయింది. రేపటి నుంచి ఆ పిల్ల నోరు తెరవదు. అదే, "గిల్లిందా, గట్టిగా గిల్లిందా" అని అడిగి చూడండి. నవ్వుతుంది. ఇంకో రెండు మాటలు చెప్తుంది. బుద్ధి చెప్పాలంటే మర్నాడు పొద్దున చెప్పుకోవచ్చు. అన్నం దగ్గర వద్దు.

మూడో మాట నాకు అన్నిటికంటే ముఖ్యం. అమ్మ కూడా కూర్చోవాలి.

మన ఇళ్ళలో అందరూ కలిసి భోంచేశాం అంటే, అమ్మ తప్ప అందరూ అని అర్థం. ఆమె నిలబడి వడ్డిస్తుంది. ఒకరికి పులుసు, ఒకరికి మజ్జిగ, ఒకరికి ఊరగాయ. నడుమ ఎవరన్నా ఒక సంగతి చెప్తే సగం విని వంటింట్లోకి పోతుంది. ఆమె సంగతి చెప్పే వంతు రాదు. ఇది మారాలి. మారడం ఏమంత కష్టమూ కాదు. అన్నం తపేలా, పులుసు దాక, మజ్జిగ గిన్నె, నీళ్ళ చెంబు, అన్నీ తెచ్చి మధ్యలో పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. ఉదయగిరి కొయ్య గరిటెలు మన పక్క చాలా ఇళ్ళలో ఉంటాయి. ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల అడవి కర్రతో అక్కడి కళాకారులు చెక్కేవి. దాకలో వదిలేసినా పిడి కాలదు. పిల్లలు కూడా భయం లేకుండా వడ్డించుకోవచ్చు. మగవాళ్ళు గరిటె పట్టుకుంటే పరువేమీ తక్కువ కాదు. ఆ తల్లి రోజుకు ఒక పూటన్నా కింద కూర్చుని, వేడి అన్నం, అందరితో కలిసి తినాలి. ఆమె కూర్చోకపోతే నేను చెప్పే ఈ పద్ధతి సగం కూడా పనిచేయదు.

మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. చిన్న చిన్న మాటలు చెప్పుకుంటే ఏమొస్తుంది, పొద్దుపోవడం తప్ప అని. దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. మన మెట్ట ప్రాంతంలోనే ఉంది.

కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. ఉదయగిరి పక్క. 1990 దశకం మొదట్లో మన జిల్లా అంతటా అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు, రాత్రి లాంతరు ముందు పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ. ఆ పాఠం చదివి వాళ్ళు ఊరుకోలేదు. మా ఇంట్లోనూ ఇంతే అని ఒకామె అంది. మా ఇంట్లో నిన్న రాత్రి ఇట్లా జరిగింది అని ఇంకొకామె అంది. కూలి డబ్బులు ఏమయ్యాయో, పొయ్యి ఎందుకు వెలగలేదో, పిల్లాడు ఎందుకు ఏడ్చాడో చెప్పుకున్నారు. అవన్నీ ఇంటి సంగతులే. అంతవరకూ ఎవరింట్లో వాళ్ళు గుట్టుగా మింగుకున్న సంగతులే. చెప్పుకున్నాక గదా తెలిసింది, అందరి ఇంట్లోనూ అదే నిప్పు అని. వాళ్ళలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వద్దని ఆడవాళ్ళు లేచారు. జిల్లా లేచింది, తర్వాత రాష్ట్రం లేచింది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

ఆ ఆడవాళ్ళు అక్కడితో ఆగలేదు. సారాకు పోకుండా మిగిలిన డబ్బు ఏం చేయాలి? రోజుకొక రూపాయి దాచుకుందాం అన్నారు. పొదుపు లక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. రోజుకు రూపాయి. నెలకు ముప్పై. అప్పట్లో కూడా రూపాయి పెద్ద మొత్తం కాదు. కానీ మానకుండా వేశారు. కాబట్టి దాంతో గేదెలు కొన్నారు, మిషన్లు కొన్నారు, పిల్లల్ని చదివించారు. ఈనాడు రాష్ట్రంలో ఊరూరా ఉన్న పొదుపు సంఘాలకు దారి చూపిన ఊళ్ళలో మన నెల్లూరు జిల్లా ఊళ్ళు ముందున్నాయి.

నేను చెప్పేది కూడా ఆ పొదుపే అనుకోండి. రోజుకొక రూపాయి వేసినట్టే రోజుకొక సంగతి. ఒక్క రోజు చూస్తే ఏమీ కనపడదు. ఎక్కువ వేయక్కర్లేదు. మానకుండా వేయాలి. అవసరం వచ్చినప్పుడు అది ఆదుకుంటుంది.

ఎట్లా ఆదుకుంటుందో చెప్తాను. చిన్న సంగతులు చెప్పుకునే ఇంట్లో పెద్ద సంగతి దాగదు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లల్నే తీసుకోండి. ఆదివారం అమ్మానాన్నలతో మాట్లాడే అవకాశం దొరుకుతుంది. ఆ కాసేపట్లో మనం ఏం అడుగుతాం? వీక్లీ టెస్టులో ఎన్నొచ్చినాయి, ర్యాంకు ఎంత. అంతే, సమయం అయిపోతుంది. ఆ పిల్ల మనసులో దిగులు ఉంటే ఎప్పుడు చెప్పాలి? మార్కులు చివరన అడగండి. ముందు ఇంటి సంగతి ఒకటి చెప్పండి. "తువ్వాయి ఈ పొద్దు తాడు తెంపుకుని పక్కింటి దొడ్లో దూరింది, మీ నాయన దాని వెనక పరిగెత్తినాడు" అని చెప్పండి. ఆ పిల్ల నవ్వుతుంది. నవ్విన గొంతుకూ, నవ్వని గొంతుకూ తేడా తల్లికి తెలుస్తుంది. నవ్వకపోతే, ఏదో ఉందని మీకు అప్పుడే అర్థమవుతుంది. మర్నాడే బయలుదేరి పోండి.

ఇక దూరాన ఉన్న పిల్లల సంగతి. మన ఊళ్ళ నుంచి అమెరికా పోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళల్లో ఎంతోమంది ఆ దేశం నడిమధ్యన ఉంటారు. ఇల్లినాయ్, ఒహాయో, మిషిగన్. మిడ్‌వెస్ట్ అంటారు ఆ ప్రాంతాన్ని. చికాగో దగ్గర అరోరా అనే ఊళ్ళో 1986లోనే వేంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. అంటే మనవాళ్ళు అక్కడ స్థిరపడి ఎన్నేళ్ళయిందో చూడండి.

ఆ పిల్లలతో మన మాటలు ఎట్లా ఉంటున్నాయి? "బాగుండావా నాయనా?" "బాగుండా మా. మీరు బాగుండారా?" "బాగుండాం. తిన్నావా?" "తిన్నా. నాయన మందులు వేసుకుంటా ఉండాడా?" "వేసుకుంటా ఉండాడు." తర్వాత ఇద్దరూ కాసేపు ఊరుకుంటారు. "సరే అయితే, ఉంటా మా." ఇటు నాయనకు మోకాలు నొప్పి. అటు కొడుక్కు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని దిగులు. ఇద్దరూ చెప్పుకోరు. వాళ్ళు దిగులు పడతారని వీళ్ళు, వీళ్ళు దిగులు పడతారని వాళ్ళు. ఇద్దరికీ మనసులో అనుమానం మాత్రం ఉంటుంది.

ఇక్కడ కూడా నా మాట అదే. రోజుకొక సంగతి. దీనికి వేళ కూడా బాగా కుదురుతుంది. చలికాలంలో చికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. ఎండాకాలంలో పదిన్నర గంటలు. చలికాలంలో చేజర్లలో తెల్లవారి ఆరున్నర అయితే, అక్కడ ముందు రోజు రాత్రి ఏడు. మనం పాలు పితికి కాఫీ పెట్టుకునే వేళకు వాళ్ళు అన్నాలకు కూర్చుంటారు. వాళ్ళ రోజు అయిపోయింది, మన రోజు మొదలవుతోంది. ఆ వేళకు ఒక్క నిమిషం మాట్లాడండి. మాట కలవకపోతే వాట్సాప్‌లో ఒక్క నిమిషం గొంతు రికార్డు చేసి పంపండి. వాళ్ళు తీరిక చూసుకుని వింటారు.

ఏం చెప్పాలి? మన వాకిట్లో ఏం జరిగిందో చెప్పండి. ఎడగారు వరికి నారు పోశాం. సోమశిల డ్యాంలో నీళ్ళు ఇంత ఉన్నాయంటున్నారు. వేప చెట్టు పూత పట్టింది. శివరాత్రికి కోటితీర్థం పోయొచ్చాం, జనం ఇట్లా ఉన్నారు. వాళ్ళూ అట్లాంటివే చెప్పాలి. కోడలు చెప్పొచ్చు. "అత్తమ్మా, రాత్రి మోకాలి లోతు మంచు పడింది. పొద్దున్నే పార తీసుకుని వాకిలి ఎత్తిపోసినాం." ఇక్కడ వాకిట్లో కళ్ళాపి చల్లే అత్తకు అది ఎంత బాగా అర్థమవుతుందో ఆలోచించండి. కొడుకు నాయనతో చెప్పొచ్చు. "కారులో గంట సేపు పోయినా రెండు పక్కలా మొక్కజొన్న, సోయానే నాయనా." ఆ ప్రాంతం అంతా మొక్కజొన్న, సోయా పండే నేల. ఇక్కడి నాయనేమో పుట్టి అంటే 850 కిలోలని లెక్క కట్టే వరి రైతు. ఆయన ఊరుకుంటాడా? ఎకరాకు ఎంత దిగుబడి, నీళ్ళు ఎట్లా, కోత ఎట్లా అని అడుగుతాడు. కొడుకు కనుక్కుని మరుసటి రోజు చెప్తాడు. తండ్రీ కొడుకులకు మాట్లాడుకోవడానికి పది రోజులకు సరిపడా సంగతి దొరికింది.

ఇట్లాంటి ఇంటి సంగతులే రాసి పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ మిడ్‌వెస్ట్‌లోనే, ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో, ఎర్మా బాంబెక్ అని ఒక రచయిత్రి ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి. వంటిల్లు, బట్టల ఉతుకు, పిల్లల అల్లరి, ఇవే రాసింది. 1960లలో మొదలుపెట్టి 1996లో చనిపోయేదాకా రాసింది. ఒక దశలో సుమారు 900 పత్రికలు ఆమె శీర్షిక వేసేవి. మన తెలుగులో మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. ఇంటి సంగతులతో. మన కావలిలో పెరిగిన మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు రాశారు. అమ్మ, నాయన, జేజి, బడి, పండగ. అంతా ఇంటి సంగతే. రాయగలిగినవాళ్ళు రాశారు. మనం రాయక్కర్లేదు. చెప్పుకుంటే చాలు.

పెద్దవాళ్ళ గురించి కూడా ఒక మాట. అవ్వలు, తాతలు ఈ రోజు ఏం చూశావంటే ఎప్పుడో జరిగింది చెప్తారు. చెప్పనివ్వండి. వాళ్ళకు ఆ రోజు గుర్తొచ్చింది గనక అదే వాళ్ళ సంగతి. ఎండాకాలంలో పెన్న ఎండిపోతే ఇసకలో చెలమ తీసి నీళ్ళు తోడుకున్నాం అంటారు. మూటలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి అవతలి గట్టుకు నడిచిపోయేవాళ్ళం అంటారు. ఇప్పుడు సంగం దగ్గర 2022లో ప్రారంభమైన బ్యారేజీ మీద బండ్లు పోతున్నాయి. ఇసకలో నడిచిన కాళ్ళ సంగతి ఆ బ్యారేజీ మీద పోయే పిల్లలకు ఎవరు చెప్తారు? 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడ తలదాచుకున్నారో మీ పిల్లలకు తెలుసా? 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఏమయిందో వాళ్ళకే గుర్తుంటుంది. దాన్నీ ఈనాడు చెప్పుకోకపోతే రేపు మరిచిపోతారు.

పెద్దల కథలు పిల్లలకు మేలు చేస్తాయన్నది నా ఊహ ఒక్కటే కాదు. అమెరికాలో అట్లాంటా నగరంలో ఎమరీ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో కొన్ని కుటుంబాల భోజనాల దగ్గర మాటలు రికార్డు చేశారు. పిల్లల్ని ఇరవై ప్రశ్నలు అడిగారు. మీ తాత అవ్వ ఎక్కడ పెరిగారో తెలుసా? మీ అమ్మానాన్నలకు ఎట్లా పరిచయమైందో తెలుసా? ఇట్లాంటివి. తమ ఇంటి కథలు ఎక్కువగా తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. మన అవ్వలు దీన్ని పరీక్ష పెట్టకుండానే ఎరిగినవాళ్ళు. వాళ్ళకు చెప్పే అవకాశం మనం ఇవ్వాలి. అంతే.

ఇంకో అడ్డంకి ఉంది. రాత్రి అన్నాల వేళకు టీవీలో సీరియల్ వస్తుంది. అది మానమని నేను చెప్పను. పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్న ఆడవాళ్ళకు అరగంట సీరియల్ చూసే హక్కుంది. సీరియల్ అయ్యాక తినండి, లేదా ముందే తినండి. తినే పావుగంట మాత్రం టీవీ ఆపండి. ఫోన్లన్నీ అలమారలో పెట్టండి, నాయన ఫోనుతో సహా. రాత్రి షిఫ్టు ఉద్యోగం ఉన్న ఇల్లయితే పొద్దున టిఫిన్ దగ్గర చెప్పుకోండి. ఒకరే ఉన్నారా? పక్కింటి అరుగు మీదకు పోయి చెప్పండి. ఏ వేళన్నది ముఖ్యం కాదు. ఒక వేళ అని ఉండడం ముఖ్యం.

కొన్ని రాత్రులు ఎవరికీ చెప్పబుద్ధి కాదు. ధర పడిపోయిన రోజు ఉంటుంది. మాటా మాటా అనుకున్న రోజు ఉంటుంది. ఆ రోజున కూడా కలిసి కూర్చోండి. "ఈ పొద్దు నాకేమీ బాగాలేదు" అంటే అది కూడా సంగతే. ఎవరూ గుచ్చి గుచ్చి అడగొద్దు. ఇంకొంచెం మజ్జిగ పోయండి, చాలు.

అమ్మలారా, అయ్యలారా, ఈ రాత్రికే మొదలుపెట్టండి. గిన్నెలు మధ్యలో పెట్టండి. అమ్మను కూర్చోబెట్టండి. పిల్లల్ని ఏమీ అడగకుండా, ముందు మీ సంగతి ఒకటి చెప్పండి. ఏం చెప్పాలో తోచకపోతే, రేడియోలో ఎవరో ఇట్లా చెప్పారని ఇదే చెప్పండి. రేపటికి మీ సంగతి మీకు దొరుకుతుంది.